ఆండీ ఫ్లవర్‌ను గెలుపులతో కొలవలేం

టెస్టు క్రికెట్‌లో వికెట్‌కీపర్ బ్యాటర్లలో గొప్పవాడెవరు అన్న చర్చ వచ్చినప్పుడల్లా మన వాళ్ల నోట మొదట ఆస్ట్రేలియా ఆటగాడు ఆడమ్ గిల్‌క్రిస్ట్ పేరు, ఆ వెంటనే ధోనీ పేరు, కాస్త ఆలోచించాక శ్రీలంక ఆటగాడు కుమార సంగక్కర పేరు వినిపిస్తాయి. ఆండీ ఫ్లవర్ పేరు ఎవరో ఒకరు గుర్తు చేస్తే తప్ప రాదు. గ్లవ్స్ తొడుక్కుని ఆడిన టెస్టుల్లో గిల్‌క్రిస్ట్ సగటు 47.60, ధోనీ సగటు 38.09, సంగక్కర సగటు నలభైకి కాస్త పైన. కీపింగ్ బాధ్యత వదిలేశాక సంగక్కర సగటు అరవై ఆరు దాటిందంటే, రోజంతా వికెట్ల వెనక కూర్చుని లేచే పని బ్యాటర్ నుంచి ఎంత శక్తిని లాగేసుకుంటుందో అర్థమవుతుంది. ఫ్లవర్ తన 63 టెస్టుల్లో 55 టెస్టులు కీపర్‌గానే ఆడాడు. ఆ 55 టెస్టుల్లో అతడి సగటు 53.70. పైగా అతడు ఆడినది ఆస్ట్రేలియాకు కాదు, జింబాబ్వేకు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. గిల్‌క్రిస్ట్ ఏడో స్థానంలో బ్యాటింగ్‌కు వచ్చే సమయానికి హేడెన్, లాంగర్, పాంటింగ్ వంటి వాళ్లు చాలాసార్లు మూడు నాలుగు వందల పరుగులు పోగుచేసి ఉండేవారు. ఫ్లవర్ నాలుగులోనో ఐదులోనో వచ్చేవాడు, అప్పటికి స్కోరు చాలాసార్లు యాభై కూడా దాటి ఉండేది కాదు, తాను వెనుదిరిగితే ఇన్నింగ్స్ ముగిసినట్టేనని అతడికీ తెలుసు, బౌలర్లకూ తెలుసు. గిల్‌క్రిస్ట్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఏడో స్థానపు బ్యాటింగ్ అర్థాన్నే అతడు మార్చేశాడు. కానీ పని బరువును బట్టి చూస్తే ఫ్లవర్ మోసినంత బరువు మరే వికెట్‌కీపరూ మోయలేదన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఫ్లవర్ 1968 ఏప్రిల్ 28న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పుట్టాడు, పెరిగింది మాత్రం ఇప్పటి జింబాబ్వే రాజధాని హరారేలో. తమ్ముడు గ్రాంట్ ఫ్లవర్ కూడా అదే జట్టులో అన్నతో పాటు పదేళ్లకు పైగా ఆడాడు. ఆండీ తొలి అంతర్జాతీయ వన్డే 1992 ప్రపంచ కప్‌లో, న్యూజిలాండ్‌లోని న్యూ ప్లిమత్‌లో, శ్రీలంకతో జరిగింది. ఓపెనర్‌గా దిగి చివరి వరకు నిలిచి 115 నాటౌట్ చేశాడు, జట్టు 312 పరుగులు చేసింది. శ్రీలంక ఆ లక్ష్యాన్ని ఛేదించింది. వన్డేల చరిత్రలో మూడు వందలకు పైగా లక్ష్యాన్ని ఒక జట్టు ఛేదించడం అదే మొదటిసారి. తాను సెంచరీ చేయడం, ఎదుటి జట్టు గెలవడం అన్న ఈ వరస తర్వాతి పదకొండేళ్లలో ఫ్లవర్‌కు ఎన్నోసార్లు ఎదురైంది.

ఆ ఏడాదే జింబాబ్వేకు టెస్టు హోదా వచ్చింది. తొలి టెస్టు అక్టోబరులో హరారేలో, మన అజరుద్దీన్ నాయకత్వంలోని భారత జట్టుతో జరిగింది. జింబాబ్వే కెప్టెన్ డేవ్ హౌటన్ 121, గ్రాంట్ ఫ్లవర్ 82, ఆండీ ఫ్లవర్ 59 పరుగులు చేయగా మ్యాచ్ డ్రా అయింది. 1877లో ఆస్ట్రేలియా తర్వాత తన తొలి టెస్టులో ఓడిపోని జట్టు అదే. ఈ హౌటన్ కూడా ఒకప్పటి వికెట్‌కీపరే. 1983 ప్రపంచ కప్‌లో టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో కపిల్‌దేవ్ 175 పరుగులు చేసిన రోజున స్టంప్‌ల వెనక నిలబడినవాడు అతడే. హౌటన్ నుంచి ముందు గ్లవ్స్, ఆ తర్వాత కెప్టెన్సీ ఫ్లవర్ చేతికి వచ్చాయి.

కెప్టెన్‌గా ఫ్లవర్ 20 టెస్టులకు సారథ్యం వహించాడు. ఒకటి గెలిచాడు, పది ఓడాడు, తొమ్మిది డ్రా చేసుకున్నాడు. కాగితం మీద ఇది చెప్పుకోదగిన లెక్క కాదు. కానీ ఆ ఒక్క గెలుపు జింబాబ్వే టెస్టు చరిత్రలోనే మొదటి గెలుపు, అదీ వసీం అక్రమ్ ఉన్న పాకిస్తాన్ మీద. 1995 జనవరి 31న హరారేలో మొదలైన ఆ మ్యాచ్‌లో జింబాబ్వే 42 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకున్న దశలో అన్న వచ్చి తమ్ముడితో కలిశాడు. ఇద్దరూ కలిసి నాలుగో వికెట్‌కు 269 పరుగులు జోడించారు. టెస్టుల్లో అన్నదమ్ముల భాగస్వామ్యంగా అంతకుముందు ఇయాన్, గ్రెగ్ చాపెల్ సోదరుల పేరిట ఉన్న 264 పరుగుల రికార్డు దానితో చెరిగిపోయింది. ఆండీ 156, గ్రాంట్ 201 నాటౌట్, గయ్ విట్టల్ 113 నాటౌట్. తర్వాత హీత్ స్ట్రీక్ బంతితో విజృంభించడంతో జింబాబ్వే ఇన్నింగ్స్ 64 పరుగుల తేడాతో గెలిచింది. ఆ మ్యాచ్‌లోనే పద్దెనిమిదేళ్ల ఫాస్ట్ బౌలర్ ఒకడు అరంగేట్రం చేశాడు. జింబాబ్వే జాతీయ జట్టుకు ఆడిన తొలి నల్లజాతి క్రికెటర్ అతడే, పేరు హెన్రీ ఒలొంగా.

ఒలొంగా మన వాళ్లకు మరచిపోలేని పేరు. 1999 ప్రపంచ కప్‌లో లీసెస్టర్‌లో భారత్ గెలుపు అంచున ఉండగా ఒకే ఓవర్లో మూడు వికెట్లు తీసి జింబాబ్వేను మూడు పరుగుల తేడాతో గెలిపించినవాడు. తండ్రి మరణంతో సచిన్ ఇంటికి తిరిగి వచ్చిన సమయం అది. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న మా తరం వాళ్లకు ఒలొంగా పరుగు, చేతులు చాచి ఎగిరిన ఆనందం గుర్తుండిపోయాయి. కానీ ఆ మ్యాచ్‌లో జింబాబ్వే 252 పరుగుల దాకా రాగలిగిందంటే ఫ్లవర్ చేసిన 68 నాటౌటే కారణం. అది మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

1996లో కెప్టెన్సీ అలిస్టర్ క్యాంప్‌బెల్‌కు వెళ్లింది, 1999-2000 సీజన్‌లో అతడు తప్పుకున్నాక మళ్లీ ఫ్లవర్ దగ్గరికి వచ్చింది. ఈ రెండో విడత ఎక్కువ కాలం సాగలేదు, కష్టంగా కూడా సాగింది. 2000 మార్చిలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వెస్టిండీస్ మీద తొలి ఇన్నింగ్స్‌లో 113 నాటౌట్ చేసి జట్టుకు ఆధిక్యం తెచ్చిపెట్టాడు. చివరికి గెలుపుకు 99 పరుగులు చేస్తే చాలు, జట్టు 63కే కుప్పకూలింది. ఆ ఏడాది ఆటగాళ్ల వేతనాల విషయంలో బోర్డుతో వివాదం నడిచింది. మర్రే గుడ్విన్, నీల్ జాన్సన్ వంటి మంచి బ్యాటర్లు దేశం తరఫున ఆడటం మానేసి వెళ్లిపోయారు. ఇంగ్లండ్ పర్యటన ముగిశాక ఫ్లవర్‌ను తప్పించి స్ట్రీక్‌ను కెప్టెన్ చేశారు.

అలా పదవి పోగొట్టుకున్న కొద్ది నెలలకే, 2000 నవంబరులో, ఫ్లవర్ భారత్‌కు వచ్చాడు. ఒక విదేశీ బ్యాటర్ మన గడ్డమీద అంత నిలకడగా ఆడటం నేను అంతకుముందు చూడలేదు. ఢిల్లీ టెస్టులో 183 నాటౌట్, 70. నాగపూర్ టెస్టులో 55, 232 నాటౌట్. నాలుగు ఇన్నింగ్స్‌లలో 540 పరుగులు, ఔటైనది రెండుసార్లే కాబట్టి సగటు 270. భుజం గాయంతో మన ప్రధాన స్పిన్నర్ కుంబ్లే ఆ సిరీస్‌లో లేడన్నది నిజమే, ఆ మాట దాచనవసరం లేదు. కుంబ్లే ఉన్నా ఆ పరుగులు వచ్చేవా అన్నది ఎవరూ తేల్చలేరు. కానీ స్పిన్‌ను అతడు ఎదుర్కొన్న పద్ధతి ఎవరి మీదైనా పనికొచ్చేదే.

ఎడమచేతి బ్యాటర్‌కు మన పిచ్‌లమీద ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంటుంది. కుడిచేతి ఫాస్ట్ బౌలర్ల అడుగులు పడి రేగిన చోటు అతడి ఆఫ్‌స్టంప్ బయట ఉంటుంది. స్పిన్నర్ బంతిని అక్కడ వేసి, బ్యాట్ చుట్టూ ఫీల్డర్లను మోహరిస్తే కాళ్లు కదపలేని వాళ్లు పది ఓవర్లు కూడా నిలవరు. ఫ్లవర్ ఆ చోటికి బంతి పడేలోపే ముందుకు వంగి, బ్యాట్‌ను అడ్డంగా ఊపి లెగ్ వైపు కొట్టే స్వీప్ ఆడేవాడు, స్వీప్‌ను ఆపడానికి కెప్టెన్ ఫీల్డర్‌ను జరిపితే వెంటనే రివర్స్ స్వీప్‌తో ఎదుటి వైపు ఖాళీని వెతికేవాడు. ఈ రోజుల్లో పిల్లలు కూడా రివర్స్ స్వీప్ కొడుతున్నారు. అప్పట్లో టెస్టు క్రికెట్‌లో దాన్ని చాలామంది తెగింపు షాట్‌గా చూసేవారు, ఆడి ఔటైతే తిట్లు తప్పవు. ఫ్లవర్ చేతిలో అది రక్షణ. బౌలర్‌కు ఇష్టమైన ఫీల్డింగ్‌ను చెదరగొట్టి, తాను మళ్లీ ప్రశాంతంగా డిఫెన్స్ ఆడుకోవడానికి వేసుకున్న దారి. స్పిన్నర్లతో గెలవడం అలవాటైన మన జట్టుకు అది మింగుడుపడలేదు.

నాగపూర్‌లో సచిన్ 201 నాటౌట్, ద్రవిడ్ 162, శివసుందర్ దాస్ 110 చేయగా భారత్ ఆరు వికెట్లకు 609 పరుగుల దగ్గర డిక్లేర్ చేసింది. ఆ 609 పరుగులూ వచ్చేదాకా ప్రతి బంతికీ వికెట్ల వెనక వంగి లేచినవాడు ఫ్లవరే. ఆ తర్వాత జింబాబ్వే 382కు ఆలౌటై ఫాలో ఆన్ ఆడింది, అంటే వెంటనే రెండోసారి బ్యాటింగ్‌కు దిగాల్సి వచ్చింది. రెండో ఇన్నింగ్స్‌లో క్యాంప్‌బెల్ సెంచరీ తోడుగా ఫ్లవర్ చివరి దాకా నిలిచి 232 నాటౌట్ చేసి మ్యాచ్‌ను కాపాడాడు. టెస్టుల్లో వికెట్‌కీపర్ చేసిన అత్యధిక స్కోరు అది. ఆ తర్వాత సంగక్కర 230 దాకా, ధోనీ చెన్నైలో 224 దాకా వచ్చి ఆగారు.

ఆ సిరీస్‌లో మరొక చిన్న సంగతి ఉంది. ఢిల్లీలో తొలి ఇన్నింగ్స్ చివర ఫ్లవర్‌కు తోడుగా మిగిలింది పదకొండో నంబరు ఆటగాడు. ఇద్దరూ విడిపోకుండా పదో వికెట్‌కు 97 పరుగులు జోడించారు. ఆ పదకొండో ఆటగాడు ఒలొంగా. మన స్పిన్నర్ల ముందు ఒక చివర ఫ్లవర్, ఇంకో చివర ఒలొంగా అలా నిలబడటాన్ని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2001 సెప్టెంబరులో హరారేలో దక్షిణాఫ్రికాతో టెస్టు. ఎదుటి జట్టు మూడే వికెట్లకు 600 చేసి డిక్లేర్ చేసింది. ఫ్లవర్ మళ్లీ ఆసాంతం కీపింగ్ చేసి, జట్టు చేసిన 286లో తాను 142 చేశాడు. ఫాలో ఆన్‌లో 199 పరుగుల దగ్గర ఉండగా చివరి వికెట్ పడిపోయింది. ఒక్క పరుగు దూరంలో డబుల్ సెంచరీ ఆగిపోయింది, జింబాబ్వే తొమ్మిది వికెట్ల తేడాతో ఓడింది. టెస్టు చరిత్రలో ఒకే మ్యాచ్ రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీలు చేసిన తొలి వికెట్‌కీపర్ అతడే. రెండోవాడి కోసం దాదాపు ఇరవై నాలుగేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది: 2025 జూన్‌లో లీడ్స్‌లో మన రిషభ్ పంత్ 134, 118 చేశాడు. యాదృచ్ఛికమే కావచ్చు, ఆ మ్యాచ్‌లో కూడా సెంచరీలు చేసిన కీపర్ జట్టు ఓడిపోయింది. 2001లో ఫ్లవర్ టెస్టు బ్యాటర్ల ర్యాంకింగ్‌లలో మొదటి స్థానానికి చేరాడు. ప్రపంచంలో అత్యుత్తమ బ్యాటర్ ప్రపంచంలో అత్యంత బలహీనమైన జట్లలో ఒకదానికి ఆడుతున్న కాలం అది.

అతడి కీపింగ్ గురించి కూడా నిజమే చెప్పాలి. టెస్టుల్లో 151 క్యాచ్‌లు, 9 స్టంపింగ్‌లు చేసిన అతడు నమ్మదగిన కీపర్. సయ్యద్ కిర్మాణీలా చూడముచ్చటైన కీపర్ మాత్రం కాడు. చేతుల్లో సహజంగా ఉండే మెత్తదనం కన్నా సాధనతో సంపాదించిన క్రమం ఎక్కువగా కనిపించేది. నా దృష్టిలో అది లోపం కాదు. జట్టుకు మరో బౌలర్‌నో మరో బ్యాటర్‌నో ఆడించుకునే వెసులుబాటు రావాలంటే ఎవరో ఒకరు రెండు పనులు చేయాలి, అతడు చేశాడు. తొలి టెస్టు నుంచి యాభైకి పైగా టెస్టులు ఒక్కటీ వదలకుండా ఆడాడు.

ఇక 2003. ఆ ప్రపంచ కప్‌కు దక్షిణాఫ్రికాతో పాటు జింబాబ్వే, కెన్యా కూడా ఆతిథ్యం ఇచ్చాయి. 2000 నుంచి జింబాబ్వేలో తెల్లజాతి రైతుల భూములను బలవంతంగా ఆక్రమించడం, ప్రతిపక్షం మీద దాడులు, వివాదాస్పదమైన ఎన్నికలు, వాటి వెనకే ఆహార కొరత, నిరుద్యోగం వరసగా వచ్చాయి. దేశాధ్యక్షుడు రాబర్ట్ ముగాబేనే క్రికెట్ సంఘానికి గౌరవ పోషకుడు. భూమి పోగొట్టుకున్న మాజీ క్రికెటర్ నైజెల్ హౌ ఫ్లవర్‌తో మాట్లాడి, ఏమీ జరగనట్టు ఆడటం సరి కాదని వాదించాడు. నిరసన తెలపడంలో ఒలొంగాను కలుపుకోమన్న సూచన కూడా అతడిదే. న్యాయవాది, పార్లమెంటు సభ్యుడు డేవిడ్ కోల్టార్ట్ సలహా ఇచ్చాడు. ఒక తెల్లవాడు, ఒక నల్లవాడు కలిసి చేస్తే దాన్ని జాతి గొడవగా కొట్టిపారేయడం ప్రభుత్వానికి వీలుకాదు. నేరం చేశారనడానికి వీల్లేకుండా, అయినా అందరికీ కనిపించేలా నిరసన ఉండాలంటే చేతికి నల్ల పట్టీలే మేలు.

ఫిబ్రవరి 10న నమీబియాతో మ్యాచ్ ఉదయం వాళ్లిద్దరూ విలేకరులకు ఒక ప్రకటన ఇచ్చారు. తమ ప్రియమైన జింబాబ్వేలో ప్రజాస్వామ్యం మరణించిందని సంతాపంగా ఈ ప్రపంచ కప్ అంతా చేతికి నల్ల పట్టీ ధరిస్తామని, లక్షలాది తోటి ప్రజలు ఆకలితో, పనిలేక, అణచివేతలో ఉండగా అదేమీ పట్టనట్టు మైదానంలోకి దిగడానికి తమ మనస్సాక్షి ఒప్పుకోదని అందులో రాశారు. మైదానం హరారే స్పోర్ట్స్ క్లబ్. దానికి ఆనుకునే అధ్యక్షుడి అధికార నివాసం ఉంటుంది. చొక్కా చేతికి నల్ల టేపు చుట్టుకుని ఫ్లవర్ బ్యాటింగ్‌కు దిగాడు.

ఒలొంగాకు జరిగిన నష్టం ఇంకా పెద్దది, ఆ సంగతి చెప్పకుండా ఫ్లవర్‌ను పొగడటం అన్యాయం. ఫ్లవర్‌కు అప్పటికి ముప్పై నాలుగేళ్లు, ఇంగ్లండ్‌లో ఎసెక్స్ కౌంటీతో ఒప్పందం ఉంది, కెరీర్ చివరికి వచ్చేశాడు. ఒలొంగాకు ఇరవై ఆరే. అతడి క్లబ్ అతడిని సస్పెండ్ చేసింది, జట్టులో చోటు పోయింది, చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి, నల్లజాతివాడై ఉండి ఈ పని చేశాడంటూ ప్రభుత్వ పక్షం వాళ్లు అతడిని ద్రోహిగా చిత్రించారు. మార్చి 15న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్‌లో శ్రీలంకతో ఆడిన మ్యాచ్‌తో ఫ్లవర్ అంతర్జాతీయ క్రికెట్ జీవితం ముగిసింది, ఒలొంగాదీ ఆ ప్రపంచ కప్‌తోనే ముగిసింది. ఇద్దరూ దేశం విడిచి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డారు.

కెప్టెన్ అంటే టాస్ వేసి, ఫీల్డర్లను సర్దేవాడు మాత్రమే అనుకుంటే ఫ్లవర్ కెప్టెన్సీ 2000లోనే ముగిసింది. నా మటుకు నాకు అతడు అసలైన సారథిగా కనిపించేది 2003 ఫిబ్రవరిలో, కెప్టెన్ స్ట్రీక్ అయి, తాను మామూలు ఆటగాడిగా ఉన్నప్పుడు. బ్యాట్‌తో పదకొండేళ్లు సంపాదించిన పలుకుబడి అంతటినీ తీసుకొచ్చి ఆ ఒక్క ఉదయం ఖర్చు పెట్టాడు. పరుగులు చేయని వాడు అదే పని చేసి ఉంటే ప్రపంచం అంత విని ఉండేది కాదు. 63 టెస్టుల్లో 51.54 సగటుతో 4,794 పరుగులు, 12 సెంచరీలు. 213 వన్డేల్లో 6,786 పరుగులు. ఈ అంకెలకు నేను ఇచ్చే విలువలో ఆ ఉదయానికి కూడా భాగం ఉంది.

ఫ్లవర్ వెళ్లిపోయాక జింబాబ్వే క్రికెట్ వేగంగా కూలిపోయింది. 2004లో స్ట్రీక్‌ను కెప్టెన్సీ నుంచి తొలగించడంతో మొదలైన గొడవలో సీనియర్ ఆటగాళ్లు చాలామంది జట్టుకు దూరమయ్యారు. ఫ్లవర్ తర్వాత గ్లవ్స్ అందుకున్న టటెండా టైబు ఇరవై ఏళ్లకే టెస్టు కెప్టెన్ అయ్యాడు. మళ్లీ అదే బరువు, ఇంకా చిన్న భుజాల మీద. 2006 నుంచి 2011 దాకా జింబాబ్వే టెస్టులే ఆడలేదు. ఫ్లవర్ అనుభవం అందవలసిన పిల్లలకు అందలేదు. ఇది నన్ను ఎక్కువగా బాధించే విషయం.

ఆ అనుభవం ఇంగ్లండ్‌కు దక్కింది. 2009 ఆరంభంలో కోచ్ పీటర్ మూర్స్, కెప్టెన్ పీటర్సన్ ఇద్దరూ ఒకేసారి పదవులు పోగొట్టుకున్నప్పుడు సహాయకుడిగా ఉన్న ఫ్లవర్ చేతికి జట్టు వచ్చింది. వచ్చీ రాగానే జమైకాలో 51 పరుగులకు ఆలౌట్. అదే జట్టు ఆ వేసవిలో ఆస్ట్రేలియాతో జరిగే యాషెస్ సిరీస్ గెలిచింది, 2010లో టీ20 ప్రపంచ కప్ గెలిచింది, 2010-11లో ఆస్ట్రేలియా వెళ్లి ఇరవై నాలుగేళ్ల తర్వాత అక్కడ సిరీస్ నెగ్గింది, 2011లో ధోనీ సేనను 4-0తో ఓడించి టెస్టుల్లో నంబర్ వన్ అయింది. 2012లో మన దేశంలోనే 2-1తో సిరీస్ గెలుచుకుపోయింది. 1984-85 తర్వాత ఇంగ్లండ్‌కు ఇక్కడ అదే తొలి సిరీస్ విజయం. ఎసెక్స్‌లో ఫ్లవర్‌తో కలిసి ఆడిన అలిస్టర్ కుక్ ఆ సిరీస్‌లో కెప్టెన్. స్పిన్ పిచ్‌ల మీద గంటల తరబడి ఓపికగా నిలబడిన కుక్‌ను చూసినప్పుడు నాకు 2000 నాటి నాగపూర్ గుర్తొచ్చింది.

కోచ్‌గా అతడిది కఠినమైన పద్ధతి. గెలిచినంత కాలం అది క్రమశిక్షణ అనిపించుకుంది, 2013-14లో ఆస్ట్రేలియాలో 5-0తో ఓడినప్పుడు అదే పద్ధతి ఆటగాళ్లను అలసిపోయేలా చేసిందన్న విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో కొంత నిజం ఉందనే నేను అనుకుంటాను. తన మీద తాను పెట్టుకున్న బరువును అందరి మీదా పెట్టగలమని నమ్మడం అలాంటి మనుషులకు సహజం. తర్వాతి సంవత్సరాల్లో ఫ్రాంచైజీ క్రికెట్‌లో కనిపించిన ఫ్లవర్ కాస్త మెత్తబడ్డాడు. 2021లో ముల్తాన్ సుల్తాన్స్‌కు పాకిస్తాన్ సూపర్ లీగ్ టైటిల్, 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో బెంగళూరుకు తొలి ఐపీఎల్ కప్పు అతడు కోచ్‌గా ఉండగానే వచ్చాయి. ఆ రాత్రి కోహ్లీ కన్నీళ్లను దేశమంతా చూసింది. పక్కనే ఉన్న కోచ్ ఒకప్పుడు మన బౌలర్లను నాగపూర్‌లో ఎలా విసిగించాడో ఆ సంబరాల్లో ఉన్న కుర్రాళ్లలో ఎందరికి తెలుసోనని నాకు అనిపించింది.

2021 జూన్‌లో ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఫ్లవర్‌కు చోటు దక్కింది. ఆ గౌరవం పొందిన తొలి జింబాబ్వే క్రికెటర్ అతడే, అదే విడతలో సంగక్కర, మన వినూ మన్కడ్ కూడా ఉన్నారు. ఇకమీదట ఎవరైనా ఆల్‌టైమ్ టెస్టు జట్టును రాసుకుంటూ వికెట్‌కీపర్ పేరు దగ్గర ఆగినప్పుడు నా ఓటు ఆండీ ఫ్లవర్‌కే, ఐదో స్థానంలో.